తక్కువ బడ్జెట్‌లో డెస్క్‌టాప్ అప్‌గ్రేడ్: ఏది ముందు మార్చాలి, ఏది తర్వాత, దేని జోలికి పోకూడదు

"డెస్క్‌టాప్ బాగా స్లో అయిపోయింది, ర్యామ్ వేయించమంటారా, కొత్తది కొనేయమంటారా?" అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ఒక్క ముక్కలో చెప్పమంటే కుదరదు, ఎందుకంటే ఒకరికి ప్రాణం పోసిన పార్టు ఇంకొకరి సిస్టమ్‌లో శుద్ధ దండగ. అందుకే మొదట్నించి ఏ వరసలో చెయ్యాలో ఆ వరసలోనే రాస్తున్నా. మధ్యలో ఆపేసి పార్టు ఆర్డర్ పెట్టేయకండి, కనీసం 4వ మెట్టు దాటాకే డబ్బు బయటికి తియ్యండి.

ఒక్క మాట మాత్రం ముందే చెప్తా. "ఏ పార్టు కొనాలి" అని మొదలుపెట్టొద్దు, "సిస్టమ్ నన్ను ఎక్కడ ఆపుతోంది" అని మొదలుపెట్టండి. ఆ చోటు దొరికితే ఏం కొనాలో దానంతటదే తేలుతుంది, చాలాసార్లు అది మీరు మనసులో అనుకున్న పార్టు కాదు.

## 1. ముందు కాగితం మీద మీ పని రాయండి

రోజూ ఏం చేస్తారో నాలుగు లైన్లు రాయండి. "మామూలు వాడకం" అని రాస్తే లాభం లేదు. బ్రౌజర్‌లో ఎన్ని ట్యాబ్‌లు తెరుస్తారు, వీడియో ఎడిటింగ్ అయితే ఫుల్ హెచ్‌డీనా 4కేనా, గేములైతే ఏవి, మానిటర్ రిజల్యూషన్ ఎంత, ఇలా రాయాలి.

పక్కనే ఇంకో లైను: ఏ పని చేసేటప్పుడు చిరాకొస్తోంది? ఆన్ అవడానికా, ఫైల్ తెరవడానికా, పది ట్యాబ్‌లు దాటాకా, గేమ్‌లో జెర్కులా? ఈ ఒక్క లైనే తర్వాత మొత్తం డబ్బు ఎటు పోవాలో చెప్తుంది.

## 2. ఇప్పుడున్న సిస్టమ్‌లో ఏముందో లెక్క తీయండి

విండోస్ సెర్చ్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని కొడితే ప్రాసెసర్ పేరు, మదర్‌బోర్డు మోడల్, బయోస్ (విండోస్ కంటే ముందు లేచి సిస్టమ్‌ని ఆన్ చేసే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) వెర్షన్, బయోస్ మోడ్ లెగసీనా (పాత పద్ధతి) యూఈఎఫ్ఐనా (కొత్త పద్ధతి) అన్నీ కనిపిస్తాయి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ (అంటే ర్యామ్) నొక్కితే మొత్తం ఎన్ని స్లాట్లు, ఎన్ని వాడకంలో ఉన్నాయో చూపిస్తుంది. సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ర్యామ్ ఏ తరానిది, డీడీఆర్3నా 4నా 5నా అన్నది కూడా తెలిసిపోతుంది.

సాఫ్ట్‌వేర్ చెప్పనిది ఒకటుంది, ఎస్ఎంపీఎస్, అంటే అన్ని పార్టులకీ కరెంటు పంచే డబ్బా. దాని కోసం క్యాబినెట్ సైడ్ ప్యానెల్ తీసి స్టిక్కర్ ఫోటో తీసుకోవాల్సిందే. ఎలాగూ తెరిచారు కాబట్టి బోర్డు మొత్తం కనపడేలా ఇంకో రెండు ఫోటోలు కూడా తీసుకోండి, రేపు ఏ వైరు ఎక్కడుందో గుర్తు రాకపోతే అవే కాపాడతాయి.

రాసుకోవాల్సినవి:

- ప్రాసెసర్ పూర్తి పేరు, చివరి అక్షరంతో సహా
- మదర్‌బోర్డు కంపెనీ, మోడల్, బయోస్ వెర్షన్
- ర్యామ్ రకం, ఎన్ని స్టిక్కులు, ఖాళీ స్లాట్లు
- డిస్క్ హార్డ్ డిస్కా ఎస్ఎస్‌డీనా (తిరిగే భాగాలు లేని, చిప్‌ల మీద నడిచే డిస్క్), ఖాళీ ఎంత
- ఎస్ఎంపీఎస్ వాట్లు, గ్రాఫిక్స్ కార్డుకి 6 పిన్ లేదా 8 పిన్ కేబుల్ ఉందా
- క్యాబినెట్‌లో కార్డు పెట్టే చోట పొడవు, టేపుతో కొలిచి

చివరి అక్షరం ఎందుకంటే, ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో సొంత గ్రాఫిక్స్ ఉండదు. ఏఎండీ కంపెనీ రైజెన్‌లో ఏఎం4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) వాటిల్లో జీ అక్షరం ఉన్నవాటికే గ్రాఫిక్స్ ఉంటుంది. ఇది తెలీకుండా పాత కార్డు అమ్మేసి, స్క్రీన్ రావట్లేదని కూర్చున్నవాళ్లు ఉన్నారు.

## 3. ఎక్కడ ఆగుతోందో పట్టుకోండి

ఈ మెట్టు దాటేయాలనిపిస్తుంది, దాటొద్దు. టాస్క్ మేనేజర్ తెరిచి పక్కన పెట్టుకుని మీ రోజువారీ పని పదిహేను నిమిషాలు చెయ్యండి, చిరాకొచ్చిన ప్రతిసారీ ఆ క్షణంలో ఏ నంబర్ పైకి ఎక్కి కూర్చుందో చూడండి.

- డిస్క్ 100 శాతం దగ్గర అతుక్కుపోయి, మిగతావి ఖాళీగా ఉంటే: హార్డ్ డిస్క్ మార్చాలి
- మెమరీ 85, 90 శాతం దాటి, దాంతోపాటు డిస్క్ కూడా గోల పెడుతుంటే: ర్యామ్ చాలట్లేదు
- సీపీయూ 100 శాతంలో ఉండి గ్రాఫిక్స్ సగం ఖాళీగా ఉంటే: ప్రాసెసర్
- గేమ్‌లో గ్రాఫిక్స్ 95 పైన ఉండి సీపీయూ తీరిగ్గా ఉంటే: గ్రాఫిక్స్ కార్డు

మా బాబాయ్ వాళ్ల డెస్క్‌టాప్ సంగతి చెప్తా. పవర్ బటన్ నొక్కి స్నానానికి వెళ్లేవారు, వచ్చేసరికి డెస్క్‌టాప్ కనిపించేది కానీ బ్రౌజర్ తెరవడానికి ఇంకో రెండు మూడు నిమిషాలు. ఎవరో చెప్పారని 8 జీబీ ఉన్నదాన్ని 16 జీబీ చేయించారు, ఏ మార్పూ లేదు. నేను వెళ్లి టాస్క్ మేనేజర్ తెరిస్తే మెమరీ 16లో 5 జీబీ దగ్గర ఉంది, డిస్క్ మాత్రం 100, కిందకి దిగనే దిగట్లేదు. ఒక మామూలు సాటా ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ తగిలించే కేబుల్‌కే తగిలే రకం) పెట్టాక అర నిమిషం లోపు ఆన్ అయి పని మొదలుపెట్టేలా తయారైంది. ఆ ర్యామ్‌కి పెట్టిన డబ్బు మాత్రం పోయినట్టే, పాపం ఆయన ఇప్పటికీ బాధపడతారు.

సీపీయూ దగ్గర ఒక మెలిక ఉంది. 8 థ్రెడ్ల (ఒకేసారి నడిచే పని వరసల) ప్రాసెసర్‌లో ఒకే థ్రెడ్ ఫుల్లుగా పనిచేస్తుంటే మొత్తం మీద 12, 13 శాతమే చూపిస్తుంది, చూసి "ప్రాసెసర్ ఖాళీగానే ఉందిగా" అనుకుంటాం. గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్స్ వ్యూకి మార్చండి, ఒక గడి నిండిపోయి మిగతావి ఖాళీగా ఉంటే మీ సాఫ్ట్‌వేర్‌కి ఎక్కువ కోర్లు (ప్రాసెసర్ లోపల పనిచేసే యూనిట్లు) కాదు, ఒక్కో కోర్ వేగం కావాలి.

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో టెంపరేచర్ కూడా చూడండి. పని చేసేటప్పుడు 95 డిగ్రీల దగ్గరికి పోయి, స్పీడ్ ప్రాసెసర్ బేస్ స్పీడ్ కంటే కిందకి పడుతుంటే అది వేడికి తట్టుకోలేక తనంతట తానే తగ్గుతోందన్నమాట. అప్పుడు కొనాల్సింది కొత్త ప్రాసెసర్ కాదు, కాస్త థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని పైనున్న కూలర్‌కి చేరవేసే పేస్ట్).

## 4. ఖర్చు లేకుండా, లేదా దాదాపు లేకుండా అయ్యేవి

కొనేముందు ఇవన్నీ చేసి మళ్లీ 3వ మెట్టు చెయ్యండి. సగం మందికి కథ ఇక్కడే అయిపోతుంది.

- దుమ్ము దులపండి. పవర్ వైరు తీసేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదిలి, మెత్తని బ్రష్షుతోనో బ్లోయర్‌తోనో చెయ్యండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరక్కుండా వేలితో పట్టుకోండి. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్ బోర్డు దగ్గరికి తేవొద్దు, స్టాటిక్ పుట్టి చిప్‌లు పోయే ప్రమాదం ఉంది
- థర్మల్ పేస్ట్ ఏళ్ల తరబడి మార్చకపోతే మార్చండి. పాతది పూర్తిగా తుడిచేసి, మధ్యలో బఠాణీ గింజంత చాలు
- స్టార్టప్ యాప్‌లు టాస్క్ మేనేజర్‌లోనే ఆపేయండి
- డిస్క్‌లో 15, 20 శాతం ఖాళీ ఉంచండి
- ర్యామ్ దాని మీద రాసిన స్పీడ్‌లో నడుస్తోందా చూడండి. లేకపోతే బయోస్‌లో ఎక్స్ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చెయ్యాలి, ఏఎండీ బోర్డుల్లో దీన్నే డీఓసీపీ, ఎక్స్‌పో అని కూడా అంటారు
- గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టారా, లేక పైన మదర్‌బోర్డు పోర్టుకి పెట్టారా చూడండి. ఇది చాలా ఇళ్లల్లో తప్పుగానే ఉంటుంది
- టైము, డేటు ప్రతిసారీ వెనక్కి పోతుంటే బోర్డు మీదున్న బిళ్లలాంటి సీఆర్2032 బ్యాటరీ మార్చండి

ఎస్ఎంపీఎస్ డబ్బాని మాత్రం విప్పకండి. వైరు తీసేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో చార్జ్ ఉంటుంది, ప్రాణం మీదకి వస్తుంది. బయటి నుంచి దుమ్ము ఊదితే సరిపోతుంది.

## 5. ఎస్ఎస్‌డీ: హార్డ్ డిస్క్ మీద నడుస్తుంటే మొదట ఇదే

విండోస్ ఇంకా హార్డ్ డిస్క్ మీద ఉంటే ఇంకేం ఆలోచించక్కర్లేదు, మొదటి డబ్బు ఇక్కడే పెట్టండి. హార్డ్ డిస్క్‌లో సూదిలాంటి హెడ్ తిరిగే పళ్లెం మీద అటూ ఇటూ పరిగెత్తి చదవాలి, చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే దాని నడుం విరిగిపోతుంది, విండోస్ ఆన్ అవడమంటే సరిగ్గా అలాంటి చిన్న ఫైళ్లే.

ఏ రకం కొనాలన్నది బోర్డుని బట్టి. సాటా ఎస్ఎస్‌డీ సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, బోర్డుకే నేరుగా తగిలే, ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకం జెన్3 (మూడో తరం) అయితే 3500 దాకా వెళ్తుంది. నంబర్లు చూసి కంగారు పడకండి, హార్డ్ డిస్క్ నుంచి సాటాకి మారితే కనిపించే తేడా సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారితే మామూలు పనుల్లో కనపడదు. పాత బోర్డు అయితే సాటాతో సంతోషంగా ఉండండి.

కొనేముందు చూడాల్సినవి:

- ఎం.2 స్లాట్ (బోర్డు మీద ఎస్ఎస్‌డీని నేరుగా తగిలించే చోటు) ఉన్నంత మాత్రాన ఎన్‌వీఎంఈ పనిచేస్తుందని కాదు. కొన్ని స్లాట్లు సాటా ఎం.2 మాత్రమే తీసుకుంటాయి, కొన్ని ఎన్‌వీఎంఈ మాత్రమే. బోర్డు మాన్యువల్ చూడాల్సిందే
- ఎం.2 సైజుల్లో 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు
- 2014కి ముందు బోర్డుల్లో చాలావాటికి ఎన్‌వీఎంఈ నుంచి బూట్ అయ్యే (విండోస్ ఆన్ అయ్యే) వీలు బయోస్‌లో ఉండదు
- కొన్ని బోర్డుల్లో ఎం.2 వాడితే ఒకటో రెండో సాటా పోర్టులు ఆగిపోతాయి. పెట్టాక పాత డిస్క్ కనపడకపోతే భయపడకుండా వేరే పోర్టుకి మార్చండి

పెట్టే వరస:

1. ముఖ్యమైన ఫైళ్లు బయటి డ్రైవ్‌లోకి కాపీ. ఇది అయ్యాకే స్క్రూడ్రైవర్ పట్టుకోండి
2. బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఫీచర్) ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి
3. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ ఇన్‌స్టాలర్ తయారు చేయండి
4. కొత్త ఎస్ఎస్‌డీ పెట్టి, పాత హార్డ్ డిస్క్ వైరు పీకేయండి
5. విండోస్ ఇన్‌స్టాల్ చేసి, అన్నీ సరిగ్గా నడిచాక షట్‌డౌన్ చేసి పాత డిస్క్ మళ్లీ తగిలించండి
6. బయోస్ బూట్ ఆర్డర్‌లో ఎస్ఎస్‌డీని పైన పెట్టండి

4వది చాలామంది చెయ్యరు. రెండు డిస్కులూ తగిలించి ఇన్‌స్టాల్ చేస్తే విండోస్ ఒక్కోసారి బూట్ ఫైళ్లు తీసుకెళ్లి పాత డిస్క్‌లోనే పెడుతుంది, ఏడాది తర్వాత ఆ పాత డిస్క్ పోయిన రోజు, ఎస్ఎస్‌డీ బాగానే ఉన్నా కంప్యూటర్ ఆన్ అవదు. ఎందుకో కూడా అర్థం కాదు.

లైసెన్స్ గురించి బెంగ వద్దు, బోర్డు అదే అయితే డిజిటల్ లైసెన్స్ నెట్‌కి కనెక్ట్ అవగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. ఉన్నదున్నట్టు కాపీ కావాలంటే క్లోన్‌జిల్లా లాంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కానీ ఏళ్ల చెత్త ఉన్న విండోస్‌ని క్లోన్ చేసే కంటే కొత్తగా వేసుకోవడమే నా సలహా.

## 6. ర్యామ్

డీడీఆర్3, 4, 5 ఒకదాని స్లాట్‌లో ఇంకోటి దూరదు, గాడి ఉన్న చోటు వేరు. బలవంతంగా నొక్కితే స్లాట్ పోతుంది. ఇంకో సంగతి, చిన్న సైజు మినీ డెస్క్‌టాప్‌లలో చాలావరకు ల్యాప్‌టాప్ ర్యామ్ ఉంటుంది, అది సగం పొడవుంటుంది, ఆర్డర్ పెట్టేముందు చూస్కోండి.

ఎంత కావాలి? బ్రౌజింగ్, ఆఫీసు పనికి 8తో నెట్టుకురావచ్చు గానీ 16 ఉంటే హాయి. గేములు, ఫోటో ఎడిటింగ్‌కి 16. 4కే వీడియో, వర్చువల్ మెషీన్లు అయితే 32. అంతకు మించి కావాల్సినవాళ్లకి ఎందుకు కావాలో వాళ్లకే తెలిసి ఉంటుంది.

16 జీబీ ఒకే స్టిక్ కంటే 8 జీబీవి రెండు మేలు, డ్యూయల్ చానెల్‌లో, అంటే రెండు దారుల్లో ఒకేసారి నడుస్తాయి. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీదే ఆధారపడేవాళ్లకి ఈ తేడా బాగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. నాలుగు స్లాట్లుంటే మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్లలో పెట్టాలి, మాన్యువల్‌తో ఒకసారి సరిచూసుకోండి. స్పీడ్ వేరువేరుగా ఉన్న స్టిక్కులు కలిపితే రెండూ తక్కువ స్పీడ్‌లోనే నడుస్తాయి.

పెట్టాక డిస్‌ప్లే రాకపోతే పదిలో తొమ్మిదిసార్లు స్టిక్ పూర్తిగా దిగకపోవడమే. రెండు చివర్లా సమానంగా, క్లిప్పు టక్కుమని పడేదాకా నొక్కండి. డీడీఆర్5 అయితే మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ని పరీక్షించుకోవడానికి కొన్ని నిమిషాలు నల్ల స్క్రీనే ఉండొచ్చు, ఆగండి, మధ్యలో ఆపేయొద్దు. సెకండ్ హ్యాండ్ స్టిక్ అయితే మెమ్‌టెస్ట్86 అనే టెస్ట్ సాఫ్ట్‌వేర్ రాత్రంతా నడపండి, ఒక్క ఎర్రర్ వచ్చినా వెనక్కి ఇచ్చేయండి.

## 7. ఎస్ఎంపీఎస్: గ్రాఫిక్స్ కార్డు కంటే ముందు దీని సంగతి

బడ్జెట్ తక్కువైనప్పుడు అందరూ కోత పెట్టేది ఇక్కడే, నేను గట్టిగా వద్దనేది కూడా ఇక్కడే. ఎస్ఎంపీఎస్ పోతే ఒంటరిగా పోదు, ఒక్కోసారి బోర్డునీ డిస్కునీ వెంట తీసుకెళ్తుంది. పేరూ ఊరూ లేని డబ్బా మీద 500 వాట్లు అని రాసున్నా నమ్మకండి, స్టిక్కర్ మీద 12 వోల్టుల లైనుకి ఎన్ని ఆంపియర్లు ఇచ్చారో చూసి 12తో గుణించండి. 500 వాట్ల డబ్బాకి 12 వోల్టుల మీద 20 ఆంపియర్లే ఉంటే, నిజంగా వాడుకోగలిగేది 240 వాట్లే. ఇప్పటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తినేది ఆ లైను నుంచే.

లెక్క ఎలాగంటే, ప్రాసెసర్ 65 వాట్లు, కార్డు 120, మిగతావన్నీ కలిపి 50 అనుకుంటే మొత్తం 235. 65 అని రాసిన ప్రాసెసర్ బూస్ట్‌లో (స్పీడ్ పెంచుకున్నప్పుడు) అంతకంటే ఎక్కువే తాగుతుంది, అందుకే నాణ్యమైన 450 వాట్లది పెట్టుకుంటే నిశ్చింత.

కార్డుకి కరెంటు మూడు దారుల్లో వస్తుంది. స్లాట్ నుంచి 75 వాట్లు, 6 పిన్ కేబుల్ నుంచి 75, 8 పిన్ నుంచి 150. ఎస్ఎంపీఎస్‌కి 8 పిన్ లేదని పాత మోలెక్స్ (పాతకాలం డిస్కులకి కరెంటిచ్చే 4 పిన్ ప్లగ్) వైర్లకి కన్వర్టర్ తగిలించి నడిపించొద్దు, ఆ ప్లగ్గులు వేడెక్కి కరిగిపోతాయి.

- మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడే) ఎస్ఎంపీఎస్ మారిస్తే పాత కేబుళ్లు కొత్తదానికి వాడొద్దు. ప్లగ్గు దూరినా లోపల పిన్నుల వరస వేరుగా ఉండొచ్చు, ఆన్ చేసిన క్షణంలో డిస్కులు కాలిపోతాయి
- డెల్, హెచ్‌పీ, లెనోవో ఆఫీసు డెస్క్‌టాప్‌లలో చాలావాటికి మామూలు 24 పిన్ ప్లగ్ ఉండదు. మామూలు ఎస్ఎంపీఎస్ కొనేముందు బోర్డు మీద ప్లగ్ చూడండి

## 8. గ్రాఫిక్స్ కార్డు

గేములు, వీడియో ఎడిటింగ్, 3డీ లేకపోతే ఈ సెక్షన్ వదిలేయండి, ప్రాసెసర్‌లో ఉన్నది సరిపోతుంది.

ఆఫీసు డెస్క్‌టాప్‌లో చిన్న ఎస్ఎంపీఎస్ ఉంటే అదనపు కేబుల్ అక్కర్లేని, స్లాట్ ఇచ్చే 75 వాట్లలోనే నడిచే కార్డులు వెతకండి. జీటీఎక్స్ 1650లో అలాంటి మోడళ్లున్నాయి, అన్నీ కాదు, కొన్నిటికి 6 పిన్ కావాలి. సన్న క్యాబినెట్ అయితే లో ప్రొఫైల్ బ్రాకెట్ (పొట్టి పట్టీ) ఉన్నదే దూరుతుంది. ఆర్ఎక్స్ 6400 కూడా చిన్నదే గానీ అది పీసీఐఈ (కార్డుని బోర్డుకి కలిపే స్లాట్ రకం) లేన్లు, అంటే డేటా దారులు, నాలుగే వాడుకుంటుంది, పీసీఐఈ జెన్3 బోర్డులో పెడితే కొన్ని గేముల్లో దాని జోరు బాగా పడిపోతుంది. ఇంటెల్ ఆర్క్ కార్డులు రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే సదుపాయం) లేని పాత బోర్డుల్లో పెట్టొద్దు.

కొత్త గేముల కోసం కొంటుంటే 8 జీబీ కంటే తక్కువ మెమరీ ఉన్నదానికి డబ్బు పెట్టొద్దని నా అభిప్రాయం.

సెకండ్ హ్యాండ్‌లో నకిలీ కార్డులు తిరుగుతున్నాయి, పాత చిప్ బయోస్ మార్చేసి పెద్ద మోడల్ పేరు చూపించేలా చేస్తారు. జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిస్తే అలాంటి చాలా కార్డుల్ని ఫేక్ అని పట్టేస్తుంది. అది చూడకుండా డబ్బు ఇవ్వకండి.

## 9. ప్రాసెసర్ ఒక్కటే మార్చాలా, బోర్డుతో సహా మార్చాలా

మొదట బోర్డు కంపెనీ సైటులో మీ మోడల్‌కి సీపీయూ సపోర్ట్ లిస్ట్ తెరవండి. సాకెట్ ఒకటే కదా అని కొనేయకండి. ఎల్‌జీఏ 1151 సాకెట్ ఇంటెల్ 6, 7 తరాలకీ ఉంది, 8, 9 తరాలకీ ఉంది, కానీ 6, 7 తరాల బోర్డులో 8వ తరం ప్రాసెసర్ పనిచేయదు.

ఏఎం4 బోర్డు ఉన్నవాళ్లు అదృష్టవంతులు. రైజెన్ 1000 సిరీస్ నాటి బోర్డుల్లో చాలావాటికి బయోస్ అప్‌డేట్‌తో 5000 సిరీస్ ప్రాసెసర్ ఎక్కుతుంది, బోర్డు, ర్యామ్ అన్నీ అలాగే ఉంచి రైజెన్ 5 5600 లాంటిది వేసుకోవచ్చు. వరస మాత్రం తప్పకూడదు: పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చెయ్యాలి, తర్వాతే కొత్తది.

ఏఎం4లో కూలర్ తీసేటప్పుడు జాగ్రత్త, ఇది నా చేతుల మీద జరిగింది. ఎండిపోయిన పేస్ట్ కూలర్‌ని ప్రాసెసర్‌కి జిగురులా అంటించేసింది, నేను నిట్టనిలువుగా లాగాను, లివర్ మూసి ఉండగానే ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి కూలర్‌తో పాటు పైకి వచ్చేసింది, మూలన రెండు పిన్నులు వంగాయి. మెకానికల్ పెన్సిల్‌లో ములుకు తీసేసి, ఆ గొట్టంలోకి పిన్ను దూర్చి మెల్లగా లేపితే సరయ్యాయి, కానీ ఆ అరగంట చేతులు వణికాయి. మీరు అలా చేయకండి. ముందు సిస్టమ్ పది నిమిషాలు బరువైన పని మీద నడిపి పేస్ట్ వేడెక్కాక షట్‌డౌన్ చేసి, వైరు తీసేసి, కూలర్‌ని కుడి ఎడమలకి మెల్లగా తిప్పుతూ వదులు చేసి అప్పుడు ఎత్తండి.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 (కీలు దాచే సెక్యూరిటీ చిప్), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే ఆన్ అయ్యే ఏర్పాటు) కావాలి, ప్రాసెసర్ ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచి, రైజెన్‌లో 2000 సిరీస్ నుంచి. టీపీఎం లేదని మెసేజ్ వస్తే తొందరపడొద్దు, చాలా బోర్డుల్లో అది బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది, ఇంటెల్‌లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం పేరుతో వెతికి ఆన్ చెయ్యండి. ప్రాసెసరే పాతదైతే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని బ్రౌజింగ్, ఆఫీసు పనులకి ఇంకొన్నేళ్లు వాడుకోవచ్చు, ఎస్ఎస్‌డీ ఉంటే చక్కగా నడుస్తుంది.

బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ మార్చాల్సి వస్తే అది అప్‌గ్రేడ్ కాదు, కొత్త సిస్టమే. అప్పుడు 10వ మెట్టుకి వెళ్లండి.

## 10. కొత్తదో సెకండ్ హ్యాండో కొనాల్సి వస్తే

ఇంటెల్ ఐ7 అన్న మాట విని మోసపోకండి. 4వ తరం ఐ7లో 4 కోర్లు 8 థ్రెడ్లు, 12వ తరం ఐ3-12100లో కూడా 4 కోర్లు 8 థ్రెడ్లే, కానీ ఐ3 చాలా వేగం, దానికి విండోస్ 11 సపోర్ట్ కూడా ఉంది. తరం ముందు చూడండి, ఐ పక్కన అంకె తర్వాత.

బ్రౌజింగ్, చదువు, ఆఫీసు పని వరకే అయితే కంపెనీలు వాడి మార్చేసిన ఆఫీసు డెస్క్‌టాప్‌లు నా మొదటి ఎంపిక, 8వ తరం లేదా తర్వాతిది. గేములకి కొత్తగా అసెంబుల్ చేస్తుంటే బడ్జెట్‌లో మూడో వంతు నుంచి 40 శాతం దాకా కార్డుకి పోనివ్వండి, ఎస్ఎంపీఎస్ మంచిది పెట్టండి, క్యాబినెట్ లైట్ల మీద ఆఖర్న చూడొచ్చు.

సెకండ్ హ్యాండ్ సిస్టమ్ చూడ్డానికి వెళ్తే పెన్‌డ్రైవ్‌లో టెస్ట్ సాఫ్ట్‌వేర్లు వేసుకుని వెళ్లండి. డబ్బు ఇచ్చేముందు:

- మీ కళ్ల ముందే చల్లగా ఉన్న స్థితి నుంచి ఆన్ చేయించండి, ముందే ఆన్ చేసి ఉంచితే ఆఫ్ చేసి మళ్లీ చూడండి
- బయోస్‌లోకి వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగితే, అమ్మేవాళ్లకి అది తెలీకపోతే కొనొద్దు
- క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు (డిస్క్‌లో చెడిన, చెడుతున్న చోట్లు) సున్నా ఉండాలి
- అరగంట లోడ్ పెట్టి టెంపరేచర్, శబ్దం గమనించండి
- అన్ని యూఎస్‌బీ పోర్టులు, ఆడియో, నెట్‌వర్క్ పోర్టు ఒక్కొక్కటీ పెట్టి చూడండి
- బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయా టార్చ్ వేసి చూడండి

ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు వాడినవి కొంటుంటే అదనపు జాగ్రత్త. ఎక్కువ వోల్టేజ్ వల్ల క్రమంగా దెబ్బతిని క్రాష్ అయ్యే సమస్య వాటిల్లో బయటపడింది, 2024 ఆగస్టులో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్ ఇచ్చింది గానీ అప్పటికే దెబ్బతిన్నదాన్ని ఆ అప్‌డేట్ బాగుచేయదు.

## 11. అన్నీ బిగించాక ఆన్ అవకపోతే

కంగారులో అన్నీ విప్పేయకండి. ఈ వరసలో చూడండి, ఒక్కసారికి ఒక్కటే మార్చండి, లేకపోతే దేనివల్ల బాగైందో తెలియదు.

1. ఎస్ఎంపీఎస్ వెనక స్విచ్ ఆన్‌లో ఉందా
2. ప్రాసెసర్ దగ్గరి 4 పిన్ లేదా 8 పిన్ పవర్ ప్లగ్ పెట్టారా. ఇది మర్చిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ రాదు
3. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి ఉందా
4. ఒకే ఒక్క ర్యామ్ స్టిక్‌తో, స్లాట్లు మారుస్తూ ప్రయత్నించండి
5. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే కార్డు తీసేసి చూడండి
6. పవర్ వైరు తీసి సీఆర్2032 బ్యాటరీ ఐదు నిమిషాలు బయట పెట్టి మళ్లీ పెట్టండి, బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి
7. బోర్డు మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని రాసిన చిన్న లైట్లుంటే ఏది వెలిగి ఆగిపోయిందో చూడండి, తప్పు ఆ దిక్కునే ఉంది
8. అప్పటికీ రాకపోతే బోర్డుని క్యాబినెట్‌లోంచి తీసి అట్టపెట్టె మీద పెట్టి, ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్‌తో మాత్రమే (ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేకపోతే కార్డు కూడా పెట్టి) ఆన్ చెయ్యండి. అక్కడ వస్తే క్యాబినెట్‌లో ఏదో స్క్రూ పెగ్గు బోర్డు వెనక తగిలి షార్ట్ అవుతోందన్నమాట, ఆ పెగ్గు తీసేసి మళ్లీ బిగించండి

పాత హార్డ్ డిస్క్‌ని కనీసం ఒక నెల ఫార్మాట్ చేయకుండా అలాగే ఉంచండి. ఏదో ఒక ఫోల్డర్ కాపీ చేయడం మర్చిపోయామని మూడో వారంలో గుర్తొస్తుంది.